వెనక్కు నెడితే మొరాయించే బండి

బస్సు వేగంగా పోతోంది. డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. నిలబడినవాళ్ళంతా ముందుకు తూలారు. దీనికి కారణం జడత్వమని మీరు పాఠంలో చదువుకున్నారు. మనల్ని తూలిపడేటట్టు చేసే ఈ జడత్వాన్నే బ్రేకు వేసే పనికి పెడితే ఎలా ఉంటుంది? అమెరికాలో పడవలను మోసే ట్రైలర్లకు సరిగ్గా అదే చేశారు.

అక్కడ చాలామంది సొంత మోటారు పడవను ఇంటివద్దే ఉంచుకుంటారు. సెలవు రోజున దానిని ట్రైలరు మీదికెక్కించి, కారు వెనక తగిలించి సరస్సుకు తీసుకుపోతారు. ఒడ్డున నీటిలోకి దిగే ఏటవాలు బాట ఉంటుంది. ట్రైలరును దానిమీద వెనక్కు నడిపి, నీటిలోకి దించితే పడవ తేలుతుంది.

పడవ, ట్రైలరు కలిసి 1500 కిలోలున్నాయనుకుందాం. అంత బరువును కారు బ్రేకులతోనే ఆపబోవడం ప్రమాదం. ట్రైలరుకూ బ్రేకులుండాలి. విద్యుత్తుతో పనిచేసే బ్రేకులున్నాయి గాని, తరచు నీటిలో మునిగే చక్రాలకు అవి అంత అనువైనవి కావు. అందుకే ‘సర్జ్ బ్రేకు’ వాడతారు. సర్జ్ అంటే ముందుకు తోసుకురావడం.

తోపుతో పడే బ్రేకు

ట్రైలరు ముందు భాగాన, కారు వెనకనున్న ఇనుప గుండుకు తగిలించే భాగాన్ని ‘కొండి’ అందాం. ఇది కదలకుండా బిగించినది కాదు. ఒక గొట్టంలో కొద్దిగా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దాని వెనక బ్రేకు ద్రవం నిండిన సిలిండరు, అందులో పిస్టన్ ఉంటాయి. కారు వేగం తగ్గగానే ట్రైలరు జడత్వం వల్ల ముందుకు తోసుకువస్తుంది. కొండి లోపలికి జరిగి పిస్టన్‌ను నొక్కుతుంది. పాస్కల్ నియమం ప్రకారం ఆ పీడనం ద్రవం గుండా చక్రాలకు చేరుతుంది. బ్రేకులు పడతాయి! వైర్లతో పనిలేదు. కారు ఎంత గట్టిగా ఆగితే ట్రైలరు బ్రేకు అంత గట్టిగా పడుతుంది.

చిక్కు ఎక్కడుంది?

షికారు ముగిసింది. ఇంటివద్ద ట్రైలరును మెరకమీదనున్న షెడ్డులోకి వెనక్కు ఎక్కించాలి. ఇప్పుడు కారు ట్రైలరును నెడుతోంది. కొండి మళ్ళీ లోపలికి జరుగుతుంది. అక్కరలేనప్పుడు బ్రేకులు పడతాయి!

ఇక్కడ న్యూటన్ మూడవ నియమాన్ని గుర్తు చేసుకోండి. ట్రైలరు కారును నెట్టినా, కారు ట్రైలరును నెట్టినా, రెండూ ఒకదానినొకటి సమానంగా నెట్టుకుంటాయి. మధ్యనున్న పిస్టన్‌కు తెలిసేది నొక్కుడు ఒక్కటే. ఎవరు ఎవరిని నెడుతున్నారో దానికి తెలియదు.

చిన్న లెక్క చూద్దాం. 10 మీటర్లకు 1 మీటరు ఎత్తు పెరిగే బాట మీద 1500 కిలోల బండిని ఎక్కించడానికి 1500 × 9.8 ÷ 10, అంటే 1470 న్యూటన్ల తోపు కావాలి. ముందుకు పోయే కారు తన వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకు 1 మీటరు చొప్పున తగ్గించుకుంటే, బ్రేకు లేని ట్రైలరు దానిని తోసే బలం 1500 న్యూటన్లు. రెండూ దాదాపు సమానం! పైగా బ్రేకు పడేకొద్దీ కారు ఇంకా గట్టిగా నెట్టాలి. గట్టిగా నెట్టేకొద్దీ బ్రేకు ఇంకా బిగుస్తుంది. చివరకు బండి మొరాయిస్తుంది.

విచిత్రమేమంటే, సరస్సు ఒడ్డున ఈ బాధ అంతగా ఉండదు. బాట పల్లానికి ఉంది కనుక ట్రైలరు తన బరువుతోనే దిగుతూ కారును లాగుతుంది. కొండి బయటకు సాగుతుంది గాని నొక్కుకోదు.

మూడు ఉపాయాలు

మొదటిది: కొండి జరగకుండా ఒక చీల అడ్డు పెట్టడం. కాని పని కాగానే దానిని తీసివేయాలి. మరచిపోయి రోడ్డెక్కితే ట్రైలరుకు బ్రేకులే లేనట్టు!

రెండవది: కారును వెనక్కు నడిపేటప్పుడు తెల్లదీపం వెలుగుతుంది గదా! ఆ దీపానికి వెళ్ళే విద్యుత్తుతోనే ఒక కవాటాన్ని పనిచేయించి, ద్రవపీడనం చక్రాలకు చేరకుండా ఆపుతారు.

మూడవది: చక్రం ముందుకు తిరిగేటప్పుడు గట్టిగా పట్టి, వెనక్కు తిరిగితే పట్టు సడలించే బ్రేకులను అమర్చడం. ఐరోపా ట్రైలర్లలో ఇటువంటివే ఎక్కువ.

గమనించారా? నొక్కుడు ఒక్కటే చెప్పలేని సంగతిని మొదటి ఉపాయంలో మనిషి, రెండవదానిలో దీపం, మూడవదానిలో చక్రం తిరిగే దిక్కు చెబుతున్నాయి.

మీరే చేసి చూడండి

రెండు బొమ్మకార్ల మధ్య పాత పెన్నులోని స్ప్రింగును కట్టండి. ముందుకారును లాగుతూ చటుక్కున ఆపండి. వెనకకారు వచ్చి స్ప్రింగును నొక్కుతుంది. ఇప్పుడు వెనకకారుకు ఒక పుస్తకం అడ్డుపెట్టి, ముందుకారును వెనక్కు నెట్టండి. స్ప్రింగు మళ్ళీ నొక్కుకుంటుంది. స్ప్రింగును మాత్రమే చూసి ఏది ఏదో చెప్పగలరా?

చివరగా ఒక ప్రశ్న. కారు కొండ దిగుతోంది. డ్రైవరు బ్రేకు తొక్కలేదు. గేరు తగ్గించి వేగాన్ని అదుపులో ఉంచాడు. ట్రైలరు బ్రేకు పడుతుందా, పడదా? కొండి నొక్కుకుంటుందా, సాగుతుందా అని ఆలోచించండి. జవాబు మీకే దొరుకుతుంది.