ఆస్ట్రేలియాలో వేసవి ముచ్చట్లు



2019వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీ ఆదివారమునాడు నాకొక చిన్న కోపకారణము కలిగినది. బాల్యమున నా యొద్ద అమరకోశము వల్లించిన శిష్యుడొకడు ఆస్ట్రేలియా ఖండమున మెల్బోర్ను నగరమందు కాపురమున్నాడు. సెలవులకు భార్యాబిడ్డలతో సముద్రతీరమునకు పోయి గుడారము వేసికొని యున్నాడని విని, క్షేమ మడుగుదమని టెలిఫోను చేసితిని. "మాస్టారూ, గాలి మాఱునట. రేడియోలో చెప్పుచున్నారు. తరువాత మాట్లాడెదను" అని చెప్పి అతడు టెలిఫోను పెట్టివేసెను. గాలి మాఱినంతమాత్రమున గురువుతో రెండు మాటలాడుటకు తీఱికలేకపోవునా యని నేను నొచ్చుకొంటిని. ఆ మాటలోని బరువు నాకు వారము దినములకు గాని తెలియలేదు. అది మీకు తెలియవలెనన్నచో అచ్చటి వేసవి యెట్టిదో, ఆ దినములలో జనులు గుమిగూడి యేమి మాటలాడుకొందురో ముందుగా చెప్పవలసియున్నది.

మన ధనుర్మాసము వారికి వేసవి. సూర్యుడు దక్షిణాయనమున క్రిందికి జాఱి జాఱి డిసెంబరు 21, 22 తేదీలకు మకరరేఖపై నడినెత్తికి వచ్చును. ఆ రేఖ ఆస్ట్రేలియా మీదుగా పోవుచున్నది. మనకు ఏటవాలుగా పడు కిరణములు వారికి నిట్టనిలువుగా పడును. మనకు పగలు కుఱుచ, వారికి నిడుపు. భూమి సూర్యునికి దగ్గఱగుటచే ఎండలు హెచ్చునని కొందఱందురు, అది పొరపాటు. జనవరి మొదట భూమి సూర్యునికి మిక్కిలి చేరువ నుండుట నిజమే కాని, అదియే కారణమైనచో ఆ దినములలో మనకును వడగాడ్పులు వీవవలసినదే గదా! భూమి అక్షము వాలియుండుటయే ఋతుభేదమునకు మూలము. వేకువ అయిదు గంటలకు మన దేవాలయములలో తిరుప్పావై వినబడు వేళకు మెల్బోర్నులో పగలు పదిన్నర యగును. మనము నెగడు చుట్టు చేరునప్పుడు వారు చెట్టునీడ వెదకికొందురు. అచ్చటి కాపురము మొదటి యేట నా శిష్యుడు క్రిస్టమసునాడు మామిడిపండ్లు తింటిమని వ్రాయగా పరిహాస మనుకొంటిని.

బడులు ఆ పండుగకు ముందే మూసి జనవరి నెలాఖరు ప్రాంతమున తెఱతురు. వారి విద్యాసంవత్సరము ఈ సెలవుతోనే ముగిసి, సెలవు పిమ్మట క్రొత్త తరగతితో మొదలగును. కచేరీలలో కుర్చీలు ఖాళీగా నుండును. ఆ దేశము మన దేశమునకు రెండు రెట్లకు పైగా పెద్దది. జనులో, మూడు కోట్లకు లోపు. వారిలోను ఎక్కువమంది సముద్రమునకు చేరువనే కాపురముందురు. సెలవు రాగానే కార్లకు గుడారములు కట్టుకొని, లేదా ఇల్లువంటి మఱొక బండిని కారు వెనుక తగిలించుకొని తీరమునకు బయలుదేఱుదురు. కొన్ని కుటుంబములవారు తండ్రులనాటి నుండి ఏటేట ఒకే తావున, ఒకే చెట్టుక్రింద దిగుదురట. ప్రక్క గుడారమువారు ఏడాదికొకమాఱు కనబడు చుట్టములవంటివారు.

ప్రొద్దు వాలినంతనే స్నేహితులు కూడుదురు. పెరటిలో ఇనుపపెనము వేడిచేసి, ఇంటి యజమాని తానే నిలుచుండి చేపలు, మాంసము, ఉల్లిపాయలు కాల్చును. దీనిని బార్బెక్యూ అందురు. వారి నోట అది బార్బీ. మధ్యాహ్నము ఆర్వో. దోమ మోజీ. పదమునకు తల నిలిపి తోక కోసి, చివర నొక ఇకారమో ఓకారమో తగిలించుట వారి వ్యాకరణము. శబ్దమునకు భంగము కలిగినచో సహింపలేని నాకిది చెవిలో ముల్లువలె నుండెను గాని, మన యూరి వేంకటసుబ్బయ్యగారు బ్రదికినంతకాలము "ఎంకన్న" గనే యుండిన సంగతి తలచుకొని యూరకుంటిని.

విందునకు పిలుచునప్పుడు "ప్లేటు తీసికొని రండు" అందురు. నా శిష్యుడు మొదటిమాఱు కడిగిన పళ్ళె మొకటి చేతబట్టుకొని పోయెనట! ఏదేని పదార్థము వండి పళ్ళెములో తెమ్మనుట దాని భావము. మఱుసటి యేడు పులిహోర తీసికొనిపోగా గిన్నె ఊడ్చినట్లు తిరిగివచ్చినదట. పిల్లలు పెరటిలో క్రికెట్ ఆడుదురు. చెత్తడబ్బాయే వికెట్టు. బంతిని కంచె దాటించినవానికి ఆఱు పరుగులు వచ్చును, వెంటనే వాని యాటయు ముగియును; ప్రక్కింటివారి నడిగి బంతి తెచ్చుటయు వాని పనియే. ఈ నిబంధన ఏ గ్రంథమునను లేదు, ఐనను ఊరూర చెల్లుచున్నది.

ఇక మాటల సంగతి. డిసెంబరు 26న మెల్బోర్నులో టెస్టు పందెము మొదలగును. అదే దినమున సిడ్నీ నుండి హోబర్టునకు తెఱచాప పడవల పందెమును బయలుదేఱును. ఇది 1945 నుండి జరుగుచున్నది. 2024లో ఆ మెల్బోర్ను పందెముననే మన విశాఖపట్టణపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి 114 పరుగులు చేసెను. చూపరులలో నున్న అతని తండ్రి కన్నీరు పెట్టుకొనుట రెండు దేశములవారును చూచిరి. జనవరి 26 మనకువలెనే వారికిని జాతీయదినము. 1788లో ఆంగ్లేయులు సిడ్నీ రేవున దిగి జెండా నాటిన దినమది. వేలకొలది యేండ్లుగా ఆ నేలపై బ్రదుకుచున్న ఆదివాసులలో పెక్కుమందికి అది దుఃఖదినము. 1938లోనే వారు సిడ్నీలో సభ చేసి ఆ మాట ప్రకటించిరి. దినమును మార్చవలెనా వలదా యను వాదము ప్రతి జనవరిలోను భోజనపు బల్లల యొద్ద లేచును. చెలిమి చెడునని కొందఱు ముందుగనే మాట తప్పింతురు.

వీని యన్నిటికంటె హెచ్చుగా వారు ముచ్చటించునది ఎండను, గాలిని, అలలను గుఱించి. మన యరుగులమీద "ఎండ మండుచున్నది" అనుకొనుట ప్రొద్దుపుచ్చుటకు. వారి ముచ్చట అట్టిది కాదు.

సముద్రమునే చూడుడు. తీరమున ఎఱుపు పసుపు కలిసిన జెండాలు రెండు నాటి, వాని నడుమనే ఈదవలెనందురు. ఒడ్డునకు వచ్చిన నీరు మఱలిపోవునప్పుడు సన్నని పాయగా చేరి బలముగా లోనికి లాగును. పైకి అచ్చట అలలు తక్కువగా నుండి నెమ్మదిగా కనబడును గనుక క్రొత్తవారు అదియే మంచి రేవనుకొని దిగుదురు. చిక్కుకొన్నవారు ఎదురీదరాదు, తేలియుండి చేయి పైకెత్తవలెను, లేదా ఒడ్డు వెంబడి అడ్డముగా ఈదవలెను. 1938 ఫిబ్రవరి 6న సిడ్నీలోని బాండై తీరమున పెద్ద అలలు వందలమందిని లోనికి లాగగా, తీరపు కాపరులు సుమారు 250 మందిని ఒడ్డు చేర్చిరి; అయిదుగురు మరణించిరి. 1967 డిసెంబరు 17న ఆ దేశపు ప్రధానమంత్రి హెరాల్డ్ హోల్టు ఈతకు దిగి మఱల రాలేదు. దేహము సైతము దొరకలేదు.

అంతకంటె భయంకరమైనది కార్చిచ్చు. ఆగ్నేయమున నున్న విక్టోరియా రాష్ట్రమునకు వేసవిలో నడిఖండపు ఎడారుల నుండి ఉత్తరపుగాలి వీచును. ఒక్కొక్క దినమున వేడి 40 డిగ్రీలు దాటును. అడవులలో ఎక్కువభాగము యూకలిప్టసు చెట్లు. వాని ఆకులలో నూనె యుండును. బెరడు పేలికలుగా వ్రేలాడును. అంటుకొన్న పేలికలు గాలికెగిరి మైళ్ళ దూరమున పడి క్రొత్త మంటలు పుట్టించును. తరువాత నైఋతి నుండి చల్లగాలి వచ్చును. మనమైనచో బ్రదికితి మనుకొందుము. అచ్చట ప్రమాదము హెచ్చునది అప్పుడే. ఉత్తరపుగాలికి మంట సన్ననిదై పొడవుగా దక్షిణమునకు పోవుచుండును. గాలి నైఋతికి తిరుగగానే ఆ పొడవైన ప్రక్కయంతయు ముఖమై ఈశాన్యమునకు కదలును. బాటవెంట బారులుదీఱి పోవు బండ్లన్నియు ఒక్కపెట్టున ప్రక్కచేనిలోనికి తిరిగినచో ఎంత మేర త్రొక్కునో ఊహించుకొనుడు. 1939 జనవరి 13 శుక్రవారమునాడు విక్టోరియా మంటలలో 71 మందియు, 2009 ఫిబ్రవరి 7 శనివారమునాడు 173 మందియు మరణించిరి. ఈ రెండవసారి గాలి తిరిగిన పిమ్మటనే పెక్కు ఊళ్ళు కాలెను.

పల్లెలలో మంటల నార్పువారు ఎక్కువగా జీతములేని స్వచ్ఛంద సేవకులు: రైతులు, దుకాణదారులు, బడిపంతుళ్ళు. రోడ్డుప్రక్కన అర్ధచంద్రాకారపు పలకపై ఆనాటి ప్రమాద మెంతయో ముల్లుతో చూపుదురు. 2022 నుండి దానికి నాలుగు మెట్లు. ప్రమాదము మిక్కుటమైన దినమున ఆఱుబయట కట్టెపొయ్యి ముట్టించుట నేరము. ముందుగా చెప్పిన స్నేహితుల విందులు సైతము ఆ పలకను చూచియే నడచును.

2019-20 వేసవిలో దేశమందు రెండుకోట్ల హెక్టార్లకు పైగా నేల కాలినది. మంటలలో 33 మంది మరణించిరి. ఆ సమయమున ప్రధానమంత్రి స్కాట్ మారిసన్ హవాయి దీవులకు సెలవుమీద పోయియుండుట ఇంటింట చర్చయైనది. ఇద్దఱు స్వచ్ఛంద సేవకులు మంటల పనిలో మరణించిన వార్త వచ్చినపిమ్మట అతడు సెలవు కుదించుకొని తిరిగివచ్చి విచారము తెలిపెను.

నా శిష్యుడు గుడారము వేసినది విక్టోరియా తూర్పు కొనయందలి మల్లకూటా అను చిన్న రేవు. నేను టెలిఫోను చేసిన దినముననే, మఱునాటి ఎండకు, గాలిమార్పునకు రహదారి మూతపడవచ్చుననియు, యాత్రికులు వెంటనే వెడలిపోవలెననియు ఆ ప్రాంతమంతటికి హెచ్చరిక వచ్చినది. అతడు అరగంటలో గుడారము విప్పి పిల్లలను కారెక్కించెను. ఉన్న దారి ఒక్కటే. అది తెఱచియుండు గడియలు కొద్ది. నాతో మాటలాడు తీఱిక అతనికి నిజముగనే లేదు. ఏటేట కలియు ప్రక్క గుడారపు వృద్ధదంపతులు మాత్రము, మంటలు దూరమున నున్నవి గదా యని నిలిచిపోయిరట.

డిసెంబరు 31 ఉదయమున ఆ యూరిలో ఆకాశము నడిరేయివలె నల్లబడి, పిమ్మట నెత్తురువలె ఎఱ్ఱనైనది. సుమారు నాలుగువేలమంది నీటియంచున చేరి తడిబట్టలు కప్పుకొని నిలిచిరి. పెక్కు ఇండ్లు కాలెను. ఇతరచోట్ల ఊళ్ళను కాల్చెడి గాలిమార్పే ఆనాడు తుదకు మంటను ఒడ్డునుండి ప్రక్కకు త్రిప్పినది. దారులు మూతపడుటచే జనవరి 3న నౌకాదళపు ఓడలు వేయిమందికి పైగా ఎక్కించుకొనిపోయెను. వారిలో ఆ వృద్ధులును క్షేమముగా చేరిరి.

ఆ వేసవిలో అనేకచోట్ల విద్యుత్తు పోయి, సెల్‌ఫోన్లు పలుకక, బ్యాటరీతో నడచు చిన్న రేడియోయే జనులకు దిక్కైనది. ఏ మంట ఏ వాగు దాటినది, గాలి ఎన్ని గంటలకు తిరుగును, ఏ దారి తెఱచియున్నది అని రేయింబవళ్ళు చెప్పుచుండిరి. అప్పటినుండి నా శిష్యుని ఇంటిలో క్రిస్టమసు సామానులలో ముందుగా కట్టునది రేడియోయేనట. ఎస్.బి.ఎస్. అను ప్రసారసంస్థ అచ్చట తెలుగున కూడ వార్తలు వినిపించుచున్నది గనుక, ఇక్కడి నుండి పోయి బిడ్డల యొద్ద నుండు తల్లిదండ్రులకును ఇవి అందుచున్నవి.

జనవరి మొదటి వారమున శిష్యుడు తానే టెలిఫోను చేసి, "మాస్టారూ, ఆనాడు తొందరలో పెట్టివేసితిని, మన్నింపుడు" అనెను. నా కోప మప్పటికే పోయినది. నేనతని నడిగిన మొదటి మాట, "నాయనా, ఇప్పుడు గాలి ఎటు వీచుచున్నది?" అని.