మా అమ్మా, మార్సెయ్ పట్నమూ

"అమ్మని పారిస్‌లో నా దగ్గర వదిలేసి, నువ్వూ వదినా వెళ్ళి రండి అన్నయ్యా" అన్నది మా చెల్లెలు ఫోనులో. చెల్లెలూ బావగారూ ఉద్యోగరీత్యా పారిస్‌లో ఉంటున్నారు. వేసవి సెలవులకు మేము అక్కడికి వెళ్ళాలనీ, పనిలో పనిగా మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న మార్సెయ్‌లో మూడు రాత్రులు గడపాలనీ అనుకున్నాము. అమ్మకు డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళు ఆమె మాట వినడం మానేసి చాలాకాలమైంది. మార్సెయ్ చూడబోతే అంతా మెట్టాపల్లమూనూ. చెల్లెలి మాటలో తప్పేమీ లేదు.

కాని పక్కగదిలో అమ్మ అంతా విన్నది. "నేను వస్తానన్నానా? మీరు వెళ్ళి రండి నాయనా" అన్నది. ఆ "నాయనా"లో ఏమున్నదో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ రాత్రి పట్నం పటం ముందు వేసుకుని కూర్చున్నాను. అప్పటిదాకా చూడవలసిన చోట్లు వెతికినవాణ్ణి, ఎక్కడెక్కడ మెట్లున్నాయో వెతకడం మొదలుపెట్టాను.

ఇంతకూ మార్సెయ్ ఎందుకు? సుమారు 2600 సంవత్సరాల కిందట గ్రీకు నావికులు వేసిన రేవు అది. వెనుకటి రోజులలో మనవాళ్ళు బొంబాయిలో ఓడ ఎక్కితే, చాలామంది అక్కడ దిగి రైలులో ఉత్తరానికి పోయి, కాలువ దాటి ఇంగ్లండు చేరేవారు. 1931 సెప్టెంబరులో రౌండు టేబిలు సమావేశానికి వెళుతూ గాంధీగారు దిగింది అక్కడే. 1910 జులై 8న సావర్కర్ మోరియా అనే ఓడ కిటికీలోంచి నీళ్ళలోకి దూకి, ఈదుకుంటూ ఒడ్డెక్కి, మళ్ళీ పట్టుబడింది కూడా ఆ రేవులోనే. ఫ్రెంచి గడ్డమీద పట్టుకున్న మనిషిని ఇంగ్లీషువారికి అప్పగించవచ్చునా అన్న తగాదా హేగ్ నగరంలోని మధ్యవర్తి న్యాయస్థానం దాకా పోయింది. 1911లో తీర్పు ఇంగ్లీషువారి పక్షాన వచ్చింది. ఇన్ని విన్న తరువాత చూడక ఎలా ఉండగలం?

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచీ అర్జీ పెట్టుకోవచ్చు. పదిహేను రోజులకు లోపు అయితే తీసుకోరు. పెద్దవారికి రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా తప్పనిసరి. బంధువుల ఇంట దిగేవారికి, ఆ బంధువులు తమ ఊరి పురపాలక కార్యాలయంనుంచి ఆతిథ్య పత్రం తెచ్చి పంపాలి. మా చెల్లెలు అమ్మ పేరు చేర్చకుండానే అర్జీ నింపింది. తిరిగి రాయించాను.

పారిస్‌నుంచి మార్సెయ్ సుమారు 750 కిలోమీటర్లు. మనకైతే రాత్రంతా పడుకుంటే గాని తరగని దూరం; అక్కడి వేగపు రైలు మూడు గంటల పైచిలుకులో చేరుస్తుంది. దిగేది సేంట్ షార్ల్ స్టేషను. దాని ముందు నిలబడితే ఊరంతా కనబడుతుందట. కాని ఊళ్ళోకి దిగే ఆ రాజసమైన మెట్లు నూట నాలుగు! మెట్రో ఉన్నది గాని, ప్రతి స్టేషనులోనూ లిఫ్టు ఉంటుందనుకోరాదు. అందుచేత టాక్సీ అనుకున్నాము. బస పాత రేవు గట్టుమీదనే. అక్కడ నేల చదును. గది ఖాయం చేసేముందు లిఫ్టు ఉన్నదా అని రెండుసార్లు అడిగాను. పాత భవనాలలో లేని హోటళ్ళు చాలా ఉన్నాయి.

ఆ గట్టుకు ఉత్తరాన వరుసగా కొత్త భవనాలు కనబడతాయి. 1943లో జర్మన్లు అక్కడి జనాన్ని సుమారు ఇరవై వేలమందిని వెళ్ళగొట్టి, పాతపేటను పేల్చివేశారు. దాని వెనుక మిగిలిన పేట పానియె. సందులన్నీ ఎక్కుళ్ళే. అమ్మకు అది లేదనుకున్నాను.

కొండమీది నోత్ర్‌దామ్ ద లా గార్ద్ ఆలయం మాత్రం వదలబుద్ధి కాలేదు. కొండ ఎత్తు సుమారు 150 మీటర్లు. పైన బంగారు పూత పూసిన మరియమ్మ విగ్రహం. ఊరివాళ్ళు "మంచి తల్లి" అని పిలుచుకుంటారు. సముద్రంమీదికి పోయిన మనిషి క్షేమంగా రావాలని మొక్కుకున్నవాళ్ళు తెచ్చి ఇచ్చిన చిన్న చిన్న ఓడలు లోపల కప్పునుంచి వేలాడుతుంటాయి. సంతానం కోసం మనవాళ్ళు చెట్టుకు ఉయ్యాలలు కట్టరూ, ఆ మాదిరి. ఈ సంగతి చెప్పగానే అమ్మ లేచి కూర్చున్నది. పాత రేవునుంచి 60వ నెంబరు బస్సు కొండెక్కుతుంది. దిగాక ఇంకా కొన్ని మెట్లున్నాయి. "కూర్చుంటూ ఎక్కుతానులేరా" అన్నది.

తిండి మాటకొస్తే, ఆ ఊరు బూయాబెస్ అనే చేపల పులుసుకు పెట్టింది పేరు. శాకాహారులకు దేవుడిచ్చినది పానిస్. శెనగపిండి నీళ్ళలో ఉడికించి, చల్లార్చి, ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. మన బజ్జీకి దూరపు చుట్టమే. ఆ నూనెలో అంతకుముందు ఏమి వేయించారో అడిగి తినడం మంచిది. "ని వియాండ్, ని ప్వాసోఁ" అనాలి. అంటే మాంసమూ వద్దు, చేపా వద్దు అని. అమ్మ దీన్ని రోజూ వల్లె వేస్తున్నది. పడవ ఆకారంలో నావెత్ అనే గట్టి బిస్కత్తులూ ఉన్నాయి. నారింజపూల వాసన వేస్తాయి. పళ్ళు చూసుకుని కొరకాలి.

ఇక నా బలహీనత ఇఫ్ కోట. సముద్రంలో చిన్న దీవిమీద పాత కారాగారం. "మాంటె క్రిస్టో" నవలలో ద్యూమా తన నాయకుణ్ణి బంధించింది అందులోనే. ఎన్నడూ పుట్టని ఖైదీకి అక్కడ నిజమైన కొట్టు చూపిస్తారు! విద్యార్థి దశనుంచి నాకు ఆ కోరిక. పడవ దిగగానే నిటారు మెట్లు. పైగా మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి ఒక్కొక్కప్పుడు గంటకు నూరు కిలోమీటర్లు దాటుతుంది. గాలి ముదిరితే పడవలు దీవికి పోవు. చలికాలంలోనూ వసంతంలోనూ దాని జోరెక్కువ. మేము వెళ్ళేది మే నెలలో, ఏమి చెప్పగలం? మూడు ఉదయాలలో ఏది బాగుంటే ఆ ఉదయం నేనొక్కణ్ణీ పోయి వస్తాను. ఆ పూట అత్తాకోడళ్ళు 2013లో తెరిచిన మ్యూసెమ్ ప్రదర్శనశాల చూస్తారు. అక్కడ లిఫ్టు ఉన్నది, నీడ ఉన్నది, ఎదురుగా సముద్రమూ ఉన్నది.

కలాంక్ అనే తెల్లరాతి కొండల నడుమ నీటిపాయలకు నడిచి పోవడం కుర్రవాళ్ళ పని. పాత రేవునుంచి పడవలో తిరిగి చూపిస్తారు.

పాత రేవులో ఇటు గట్టునుంచి అటు గట్టుకు చేరవేసే చిన్న పడవ ఒకటి ఉన్నది. నాలుగు నిమిషాల ప్రయాణం. పటంలో చుక్కల గీత చూపించి అమ్మకు చెప్పాను. ఆమెది కోనసీమ. చిన్నతనమంతా గోదావరి రేవులు దాటిన మనిషి.

"మధ్యలో ఆపుతాడా? నీళ్ళలో చెయ్యి పెట్టనిస్తాడా?" అని అడిగింది.

చెల్లెలికి ఫోను చేసి, మార్సెయ్‌కి మూడు టిక్కెట్లు కొనమన్నాను.