మరచిపోయే మనిషి వెనుక అలసిపోయే మనిషి: డిమెన్షియా బాధితులను చూసుకునే కుటుంబాలకు అండ ఎక్కడ?

ఉదయం తొమ్మిది గంటలకు కోడలు పక్కన కూర్చుని ఇడ్లీలు తినిపిస్తుంది. పది గంటలకు పలకరించడానికి వచ్చిన బంధువుతో అత్తగారు, ‘‘పొద్దుటి నుంచి నాకెవరూ ఏమీ పెట్టలేదమ్మా’’ అని కన్నీళ్లు పెట్టుకుంటారు. వచ్చినవారు పైకి ఏమీ అనరు. కానీ వారి చూపు చాలు, కోడలి మనసు విరిగిపోవడానికి.

డిమెన్షియా ఉన్న ఇళ్లలో ఇటువంటి ఘట్టం కొత్త కాదు. అత్తగారు అబద్ధమాడలేదు, కోడలు తప్పు చేయలేదు. కొత్త జ్ఞాపకాలను భద్రపరిచే శక్తిని ఆ మెదడు కోల్పోయింది. ఈ సంగతి చుట్టూ ఉన్నవారు గ్రహిస్తే సంరక్షకుల బరువు సగం దిగినట్లే.

చాదస్తం కాదు, జబ్బు

జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, ప్రవర్తన క్రమంగా క్షీణించే స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. ఇందుకు అనేక వ్యాధులు కారణం కావచ్చు. వాటిలో అల్జీమర్స్ వాటా 60 నుంచి 70 శాతం వరకు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భారతదేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. పురుషుల కంటే స్త్రీలలో, పట్టణాల కంటే గ్రామాల్లో ఇది ఎక్కువగా ఉన్నట్లు ఆ అధ్యయనంలో తేలింది.

అయినా చాలా ఇళ్లలో దీనిని వయసుతో వచ్చే చాదస్తంగా భావించి వదిలేస్తారు. దానివల్ల రెండు నష్టాలున్నాయి. బీ12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్య, మానసిక కుంగుబాటు వంటివి కూడా మతిమరుపు కలిగిస్తాయి. వాటికి చికిత్స ఉంది. పరీక్ష చేయించకపోతే ఆ అవకాశం చేజారుతుంది. రెండవది, జబ్బు పేరు తెలియని ఇంట్లో ప్రతి పొరపాటూ మొండితనంగానే కనిపిస్తుంది.

రోజువారీ జీవితంలో

ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినప్పుడు ‘ఇప్పుడే చెప్పాను కదా’ అనడం సహజం. కానీ అడిగినవారికి అది మొదటిసారే. తప్పని నిరూపించబోతే వారికి మిగిలేది అవమానం మాత్రమే. క్లుప్తంగా జవాబిచ్చి, మాటను మరో వైపు మళ్లించడం మేలు. ‘తినలేదు’ అన్నప్పుడు వాదించే బదులు ఒక అరటిపండు చేతికివ్వవచ్చు. స్నానం, భోజనం, నిద్ర ప్రతిరోజూ ఒకే వేళకు జరిగితే ఆందోళన తగ్గుతుంది. సాయంత్రం చీకటి పడే వేళ కలవరం పెరిగేవారికి ఇంట్లో దీపాలు ముందే వేసి ఉంచాలి.

దారి తప్పే ప్రమాదం ఉంటే పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఎప్పుడూ జేబులో గానీ, మెడలో గానీ ఉండాలి. ఇటీవలి ఫొటో ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలి. ఒకటి రెండు రోజుల్లోనే గందరగోళం హఠాత్తుగా పెరిగితే అది జబ్బు ముదరడం వల్లేనని ఊహించకూడదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్, శరీరంలో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు కారణం కావచ్చు. వెంటనే వైద్యునికి చూపించాలి. సొంతంగా నిద్రమాత్రలు ఇవ్వడం ప్రమాదకరం.

సంరక్షకులకు సంరక్షణ

డిమెన్షియా ఉన్నవారి కోసం కుటుంబ సభ్యులు సగటున రోజుకు ఐదు గంటలు వెచ్చిస్తున్నారనీ, ఆ సేవలో 70 శాతం స్త్రీలదేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. నిద్ర కరవై, ఉద్యోగం మాని, బయటి ప్రపంచానికి దూరమైనవారిలో కోపం రావడం, ఆ వెంటనే అపరాధ భావం కలగడం సాధారణం. దానిని బలహీనతగా భావించనక్కరలేదు.

దూరాన ఉన్న తోబుట్టువులు సలహాల కంటే సమయం ఇవ్వగలిగితే మంచిది. వారానికి ఒక పూట ఎవరైనా వచ్చి కూర్చుంటే, సంరక్షకులు తమ రక్తపోటు చూపించుకోగలరు, ఒక కునుకు తీయగలరు. డబ్బు పంపేవారు అందులో కొంత పనిమనిషి కోసం అని స్పష్టంగా చెబితే, ఇంట్లో ఉన్నవారు సంకోచం లేకుండా ఖర్చు చేయగలరు.

మాట్లాడే తోడు కావాలనుకున్నవారికి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా లభిస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వృద్ధుల సమస్యలపై సమాచారానికి, సలహాకు ఎల్డర్‌లైన్ నంబరు 14567. 1992లో కేరళలో మొదలైన ‘అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా’కు హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో శాఖలున్నాయి. సంరక్షకుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఐసపోర్ట్’ ఆన్‌లైన్ శిక్షణను భారతీయ కుటుంబాలకు తగినట్లు మలచడంలో బెంగళూరులోని నిమ్హాన్స్ పాలుపంచుకుంది.

డబ్బు, దస్తావేజులు

70 ఏళ్లు నిండిన వారందరికీ 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల రూపాయల వరకు చికిత్స వర్తిస్తోంది. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. డిమెన్షియాలో అసలు ఖర్చు ఇంట్లో సంవత్సరాల తరబడి సాగుతుంది. ఆ భారం కుటుంబాల మీదే ఉంది.

చాలామంది ఆలస్యంగా తెలుసుకునే విషయం మరొకటి ఉంది. మన దేశంలో సాధారణ పవర్ ఆఫ్ అటార్నీ, దానిని ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే చెల్లదు. భారత కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్ ఈ మాట చెబుతోంది. ఆ తరువాత తండ్రి ఖాతాలోని డబ్బును తండ్రి వైద్యానికే వాడాలన్నా సంరక్షకునిగా నియమించమని కోర్టును ఆశ్రయించవలసి రావచ్చు. కాబట్టి వ్యాధి తొలిదశలో, పెద్దలు ఇంకా తమ ఇష్టాన్ని స్వయంగా చెప్పగలిగినప్పుడే బ్యాంకు ఖాతాలను ఉమ్మడిగా మార్చుకోవడం, నామినీల పేర్లు సరిచూసుకోవడం, వీలునామా రాయించుకోవడం పూర్తి కావాలి. తమకు ఎటువంటి వైద్యం కావాలో, ఎక్కడ ఉండాలని ఉందో కూడా వారినే అడగాలి.

ప్రభుత్వాల పాత్ర

కేరళ ప్రభుత్వం 2014లో ‘స్మృతిపథం’ పేరిట డిమెన్షియా కార్యక్రమాన్ని ప్రారంభించి, పగటి సంరక్షణ కేంద్రానికీ, పూర్తికాల సంరక్షణ కేంద్రానికీ చోటు కల్పించింది. ఉదయం దింపి సాయంత్రం తీసుకువెళ్లే కేంద్రం ఒకటి ఊరికి దగ్గరలో ఉంటే, ఎందరో కూతుళ్లు, కోడళ్లు ఉద్యోగం మానుకోనక్కరలేదు. ఇటువంటి కేంద్రాలు ప్రతి జిల్లాకూ అవసరం.

అవి వచ్చేలోగా మన చేతిలో ఉన్నది చిన్న పనే. ఈసారి అటువంటి ఇంటికి వెళ్లినప్పుడు పెద్దావిడ ‘అన్నం పెట్టలేదు’ అంటే, ఆమె చేయి పట్టుకుని ప్రేమగా వినండి. ఆ తరువాత వంటింట్లోకి వెళ్లి, ‘‘నువ్వు తిన్నావా?’’ అని ఆ కోడలిని అడగండి.