చిన్న ప్యాకెట్ ఎటు పోయింది? జీఎం పంటల ముప్పుపై ప్రపంచ నియమాలు, మన పత్తి చేలు

పత్తి విత్తనాల మీద పోయిన నెల పెట్టిన వీడియో చూసి ఫోన్ చేసిన రైతులు ఎక్కువమంది ఒకటే అడిగారు. "మేం మందులు మానేశాం. పక్క చేలో మాత్రం బీటీ. ఈ జీఎం పంటల మంచిచెడ్డలు చూసే చట్టం పైన ఏదైనా ఉందా?" ఉంది. కింది వీడియోలో క్లుప్తంగా చెప్పాను, ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

దాని పేరు కార్టజీనా జీవభద్రత ప్రోటోకాల్. కార్టజీనా అంటే కొలంబియాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. 1999 ఫిబ్రవరిలో దేశాలన్నీ అక్కడ కూర్చుని మాట్లాడుకున్నాయి గానీ తేలలేదు. ధాన్యం అమ్మే దేశాలది ఒక మాట, కొనే దేశాలది ఇంకో మాట. చివరికి 2000 జనవరి 29న కెనడాలోని మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. పేరు మాత్రం కార్టజీనాదే ఉండిపోయింది. 2003 సెప్టెంబర్ 11 నుంచి అమల్లో ఉంది. మన దేశం అదే ఏడాది జనవరిలో ఆమోదించింది. సభ్య దేశాల ఆరో సమావేశం 2012 అక్టోబర్‌లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. జీఎం పంటలు బాగా పండించే అమెరికా, కెనడా, అర్జెంటీనా ఇందులో సభ్యులు కావు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఇందులో ఏముందంటే, ఒక జీఎం విత్తనాన్ని నాటడానికి మొదటిసారి ఇంకో దేశానికి పంపాలంటే ముందే ఆ దేశానికి తెలపాలి, ఒప్పుకున్నాకే పంపాలి. ఆ దేశానికి నిర్ణయానికి 270 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా ముప్పు ఎంతో అంచనా కట్టాలి. ఆ అంచనా ఎలా కట్టాలో ప్రోటోకాల్ మూడో అనుబంధంలో రాశారు. కొత్త జన్యువు వల్ల మొక్కలో ఏం మారింది? ఆ మార్పు వల్ల కీడు జరిగే వీలెంత? జరిగితే నష్టమెంత? దాన్ని అదుపులో పెట్టగలమా? ఇవన్నీ ఏ పంటకాపంట, ఏ నేలకానేల విడిగా చూడాలి. అమెరికా నేలలో పరీక్ష పెట్టి బాగుందన్నారని వరంగల్ నల్లరేగడికీ బాగున్నట్టే అనుకోవడానికి లేదు. ఆ పంట పుట్టిల్లు ఏ దేశమో, దాని దగ్గరి చుట్టాలైన మొక్కలు అక్కడ ఉన్నాయో లేదో కూడా చూడాలి. బీటీ వంకాయ మీద 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ గారు నిలుపుదల ప్రకటించినప్పుడు మన దేశంలోని వంగ రకాల వైవిధ్యం కూడా ఒక కారణంగా చెప్పారు.

ఆ అనుబంధంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. శాస్త్రానికి ఇంకా తెలియకపోతే, ముప్పు ఉన్నట్టూ అనుకోకూడదు, లేనట్టూ అనుకోకూడదు అంటుంది. మన దగ్గర మాత్రం "ఏమీ తేలలేదు" అన్నదాన్ని "ఏమీ కాదు" అని చదివేస్తుంటారు.

ఇంకో మెలిక. ఈ ప్రోటోకాల్ జీవం ఉన్నవాటికే వర్తిస్తుంది. మొలకెత్తే గింజ లెక్కలోకి వస్తుంది, నూనె, చెక్క రావు. 2021 ఆగస్టులో కోళ్ల దాణాకని 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్కను మన దేశంలోకి రానిచ్చారు. మొలవదు కాబట్టి జీవం లేదు అన్నారు. మాటకు మాట సరిపోయింది. మన ఆవులకు వేసే పత్తి చెక్క సంగతి అడిగేవాళ్లే లేరు.

ఇక ముప్పు అంచనా వేశాక దాన్ని అదుపు చేయడం. అసలు కథ ఇక్కడే ఉంది. బీటీ పత్తికి 2002 మార్చిలో జీఈఏసీ అనుమతి ఇచ్చినప్పుడే ఒక షరతు పెట్టింది. చేను చుట్టూ కనీసం ఐదు సాళ్లు, లేదా మొత్తం విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత నాన్ బీటీ పత్తి వేయాలి. ఎందుకంటే, బీటీ విషానికి తట్టుకుని బతికే పురుగు ఎక్కడో ఒకటి ఉంటుంది. అలాంటివి రెండూ జతకడితే పిల్లలన్నీ తట్టుకునేవే పుడతాయి. పక్కనే నాన్ బీటీ మొక్కల మీద మామూలు పురుగులు దండిగా బతికి ఉంటే, తట్టుకునేది వాటితో జతకడుతుంది, ఆ గుణం పలచబడుతుంది. అంటే ఆ 20 శాతం పురుగుకు వదిలిన వాటా. పక్షులకు జొన్న కంకి కట్టే మనవాళ్లకు ఇది అర్థం కాని విషయమా? చెప్పేవాళ్లుండాలి గానీ.

450 గ్రాముల బీటీ సంచితో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్లు, గుర్తుందా? నేను తిరిగిన ఊళ్లలో ఆ ప్యాకెట్‌ను సక్రమంగా నాటినవాళ్లు చాలా తక్కువ. కొందరు గట్టున పారేశారు, కొందరు మొలవని చోట నింపారు. రైతును తప్పు పట్టలేను. రెండెకరాల కౌలు రైతును ఐదో వంతు చేను పురుగుకు వదిలెయ్యమంటే, ఆ నష్టం ఎవరు భరిస్తారో కూడా చెప్పాలి కదా. కాగితం మీద ముప్పు నిర్వహణ అని రాసి, దాని బరువంతా ఒక చిన్న ప్యాకెట్‌లో పెట్టి రైతు చేతికి ఇచ్చారు. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని 2010లో కంపెనీయే ప్రకటించింది. తర్వాత బీజీ-2 కూడా లొంగిపోయింది. ఆరేడు నెలలు చేలోనే నిలబడే హైబ్రిడ్లు ఆ పురుగుకు ఇంకా కలిసొచ్చాయి. ఇప్పుడు నాన్ బీటీ గింజల్ని అదే సంచిలో కలిపి ఇస్తున్నారు.

ఇదే పురుగు, ఇదే బీటీ, అమెరికాలోని ఆరిజోనాలో ఏమైందో చూడండి. అక్కడి రైతులు నాన్ బీటీ చేలు కచ్చితంగా వేశారు. 2006 నుంచి సంతానం కలగని గులాబీ పురుగు రెక్కల పురుగుల్ని చేల మీద వదిలారు. 2018లో తమ పత్తి ప్రాంతాల్లో ఆ పురుగే లేదని అమెరికా ప్రకటించింది. ప్రోటోకాల్‌లో సభ్యత్వమే లేని దేశం అది! సంతకం పెట్టిన మన దగ్గర మాత్రం లింగాకర్షక బుట్టల్లో రాత్రికి ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టుకుంటున్నాం.

అనుమతే లేని కలుపు మందు తట్టుకునే పత్తి ఆంధ్ర, తెలంగాణల్లో దొంగచాటుగా అమ్ముడవుతోంది. అది ఏ అంచనాలోకీ రాలేదు, ఏ షరతూ లేదు.

మరి నష్టం జరిగితే ఎవరు కట్టాలి? దానికి 2010లో జపాన్‌లోని నగోయాలో ఇంకో అనుబంధ ఒప్పందం చేశారు, 2018 మార్చి 5న అమల్లోకి వచ్చింది. జీవవైవిధ్యానికి గట్టి నష్టం జరిగితే దానికి కారకులైనవాళ్ల చేత సరిచేయించాలి అంటుంది. కానీ రైతు జేబుకు పడిన చిల్లు సంగతి ఆయా దేశాల చట్టాలకే వదిలేసింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కోజోనప్‌లో ఒక సేంద్రియ రైతు పొలంలోకి పక్కచేలో కోసిన జీఎం కనోలా గాలికి కొట్టుకొచ్చింది. దాదాపు 70 శాతం భూమికి సర్టిఫికెట్ పోయింది. కోర్టుకెళ్తే 2014లో ఓడిపోయాడు. పక్క రైతు వేసింది చట్టం ఒప్పుకున్న పంటే, కోసింది అందరూ కోసే పద్ధతిలోనే అంది కోర్టు.

మనకు కొంచెం ఊరట ఏంటంటే, పత్తి పుప్పొడి బరువు, జిగట. గాలికి దూరం పోదు, ఎక్కువగా తేనెటీగలే మోస్తాయి. దేశవాళీ పత్తి వేసేవాళ్లకు ఇంకా తక్కువ భయం. దాని క్రోమోజోములు 26, బీటీ హైబ్రిడ్లవి 52, చేలో వాటంతట అవి కలవడం చాలా అరుదు. కలిసేదల్లా జిన్నింగ్ మిల్లులో, ట్రాక్టర్ ట్రక్కులో, సంచుల్లో. అందుకే మీ పత్తి వేరే సంచుల్లో ఏరండి, వేరే గదిలో పెట్టండి, విత్తనం బిల్లు దాచుకోండి. అనుమతి లేని విత్తనం కనిపిస్తే వ్యవసాయాధికారితో ఆగకండి. 1989 నియమాల ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన జీవభద్రత చూసే జిల్లా స్థాయి కమిటీ ఉండాలి. మీ జిల్లాలో అది ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఖర్చు పది రూపాయలు.

ఆఖరిగా వరి. 2025 మే 4న కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ వాళ్లు మన బాపట్ల సాంబ మసూరి నుంచి చేసింది, రెండోది మన మార్టేరు ఎంటీయూ 1010 నుంచి చేసింది. రెండింటికీ తల్లులు మనవే. బయటి జన్యువు పెట్టలేదు కాబట్టి ఇలాంటివాటిని 2022లోనే జీఈఏసీ పరిశీలన నుంచి మినహాయించారు. ఇవి కార్టజీనా కిందికి వస్తాయా రావా అన్నదాని మీద దేశాలన్నీ ఒక మాట మీద లేవు. బయటి జన్యువు లేదన్నది నిజమే. అయితే సాంబ మసూరి విత్తనాన్ని ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే కట్టుకుంటున్న రైతుకు, సంచి మీద ఇది సవరించిన రకం అని తెలుగులో రాసి ఉండాలా వద్దా? ఉండాలనే నేను అంటాను. ఇంట్లో విత్తనం కట్టుకునేవాళ్లతో వచ్చే వీడియో ఇదే విషయం మీద చేస్తున్నాం. మీ దగ్గర పాత సాంబ మసూరి విత్తనం ఉంటే, ఏ ఏడాది నుంచి కడుతున్నారో రాసి పంపండి.