అర్ధ దూర ట్రయాథ్లాన్

అర్ధ దూర ట్రయాథ్లాన్ అనేది ఈత, సైకిలు, పరుగు అనే మూడు అంగాలను ఒకే రోజున, విరామం లేకుండా, అదే వరుసలో పూర్తి చేయవలసిన క్రీడాపోటీ. ఇందులో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కి.మీ. సైకిలు, 21.1 కి.మీ. పరుగు ఉంటాయి. మొత్తం దూరం 113 కి.మీ. ఇది మైళ్ళలో 70.3 కనుక ఈ పోటీకి ఆ సంఖ్యే పేరుగా స్థిరపడింది. "అర్ధ" అనే మాట ఐరన్‌మ్యాన్ అనే పూర్తి దూరపు పోటీతో (3.8 కి.మీ., 180 కి.మీ., 42.2 కి.మీ.) పోల్చి చెప్పినది మాత్రమే. ఒలింపిక్ క్రీడలలోని ట్రయాథ్లాన్ దూరాలు (1.5 కి.మీ., 40 కి.మీ., 10 కి.మీ.) దీనికంటే చాలా తక్కువ. సైకిలు అంగం ఒక్కటే గుంటూరు నుంచి నరసరావుపేట మీదుగా వినుకొండ వరకు ఉన్న రోడ్డు దూరానికి దాదాపు సమానమని గమనిస్తే ఈ "సగం" ఎంతటిదో అర్థమవుతుంది.

మొదటిసారి ఈ పోటీకి దిగేవారికి వేగం ముఖ్యం కాదు. నీటిలో ప్రమాదం లేకుండా బయటపడడం, శరీరంలోని శక్తి, నీరు, ఉప్పు తరిగిపోకుండా చూసుకోవడం, గడువులోగా చేరడం అనేవే అసలు సమస్యలు. ఈ వ్యాసంలో వాటిని పల్నాడు జిల్లాలోని మండల కేంద్రమైన శావల్యాపురం పరిసరాల పరిస్థితులతో కలిపి వివరించడం జరిగింది.

చరిత్ర

ట్రయాథ్లాన్ అనే పేరుతో ఆధునిక పోటీ మొదటిసారి 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియాగో నగరంలో, మిషన్ బే వద్ద జరిగింది. 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవులలో మొదటి ఐరన్‌మ్యాన్ నిర్వహించారు. అందులో 15 మంది బయలుదేరగా 12 మంది పూర్తి చేశారు. 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో ముగించిన గోర్డన్ హాలర్ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలోను, 2006లో దోహా ఆసియా క్రీడలలోను ట్రయాథ్లాన్‌కు స్థానం లభించింది. అర్ధ దూరపు పోటీలను 70.3 అనే పేరుతో ఒక శ్రేణిగా నడపడం 2005లో మొదలయింది. మరుసటి సంవత్సరం ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది.

భారతదేశంలో ఈ శ్రేణికి చెందిన మొదటి పోటీ 2019 అక్టోబరు 20న గోవాలోని పణజిలో, మీరామార్ తీరాన జరిగింది. కరోనా కారణంగా రెండు సంవత్సరాలు ఆగి, 2022లో తిరిగి మొదలయింది.

గడువుల లెక్క

ఈ శ్రేణిలో సాధారణంగా మొత్తం గడువు 8 గంటల 30 నిమిషాలు. ఈతను 1 గంట 10 నిమిషాలలోగా, సైకిలును పోటీ మొదలైన 5 గంటల 30 నిమిషాలలోగా ముగించాలి. పోటీని బట్టి ఇవి కొంత మారవచ్చును. గడువు దాటినవారిని అక్కడే నిలిపివేస్తారు.

పైకి ఇది ఉదారంగా కనిపించినా లెక్క వేస్తే అలా ఉండదు. ఈతకు ఒక గంట, బట్టలు మార్చుకొని సైకిలు అందుకోవడానికి పది నిమిషాలు పోతే, గంటకు 22 కి.మీ. వేగంతో 90 కి.మీ. తొక్కడానికి 4 గంటల 5 నిమిషాలు పడుతుంది. అప్పటికి 5 గంటల 15 నిమిషాలు గడిచినట్లు. బూట్లు మార్చుకోవడానికి మరో ఐదు నిమిషాలు తీసివేస్తే పరుగుకు మిగిలేది 3 గంటల 10 నిమిషాలు, అనగా కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలు. అది చురుకైన నడకకు కొద్దిగా పైమాట మాత్రమే. అయినా ఈ లెక్కలో ఒక పంక్చరుకు గాని, కడుపునొప్పితో ఆగడానికి గాని ఒక్క నిమిషం కూడా మిగలలేదు. 2024 అక్టోబరు 27న గోవా పోటీని పూర్తి చేసిన బెంగళూరు దక్షిణ లోక్‌సభ సభ్యుడు తేజస్వి సూర్యకు 8 గంటల 27 నిమిషాల 32 సెకన్లు పట్టింది. గడువుకు ఆయన చేరిన సమయానికి తేడా రెండున్నర నిమిషాలు కూడా లేదు.

ఈత

మూడు అంగాలలో దూరం తక్కువైనది, ప్రమాదం ఎక్కువైనది ఇదే. 1985 నుంచి 2016 వరకు అమెరికాలో జరిగిన ట్రయాథ్లాన్ పోటీలలోని ఆకస్మిక మరణాలు, గుండె ఆగిపోయిన సంఘటనలు కలిపి 135 నమోదయినట్లు 2017లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపింది. వీటిలో 90 ఈతలోనే జరిగాయి. బాధితులలో అత్యధికులు పురుషులు, సగటు వయసు 47 సంవత్సరాలు. లక్షమందిలో ఇద్దరికంటే తక్కువ అనే ఈ నిష్పత్తి చిన్నదే. అయినా నలభై దాటినవారు పేరు నమోదుకు ముందే గుండె పరీక్ష చేయించుకోవడం అవసరమనడానికి ఇంతకంటే వేరే కారణం అక్కరలేదు.

పల్నాడు పల్లెలలో ఈత సాధారణంగా బావిలోనో చెరువులోనో, నడుముకు బెండు లేదా ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని నేర్చుకొనేవారు. నీటి భయం పోవడానికి ఇది చక్కటి పద్ధతి. కాని బావి ఈతలో తల ఎప్పుడూ నీటిపైనే ఉంటుంది. నాలుగు బారలు వేయగానే గట్టు చేతికి అందుతుంది. తల పైకెత్తితే కాళ్ళు కిందికి దిగి నీటి నిరోధం పెరుగుతుంది కాబట్టి ఆ పద్ధతిలో 1.9 కి.మీ. వెళ్ళాలంటే శ్రమ చాలా ఎక్కువ అవుతుంది. ముఖం నీటిలో ఉంచి, ఊపిరిని నీటిలోనే వదిలి, పక్కకు తిరిగి పీల్చుకోవడం కొత్తగా నేర్చుకోవలసినదే. 50 మీటర్ల కొలనులో ఈ దూరం 38 నిడివులు. అక్కడ అడుగున గీత కనిపిస్తుంది, సముద్రంలో కనిపించదు. అందువల్ల ప్రతి ఎనిమిది, పది బారలకు ఒకసారి కళ్ళు మాత్రం పైకెత్తి తేలుడు గుర్తులను చూసుకొనే అభ్యాసం చేయాలి. లేనిచో పక్కకు కొట్టుకొనిపోయి ఈదవలసిన దూరం పెరుగుతుంది.

చల్లటి దేశాలలో పోటీదారులు రబ్బరు ఈత దుస్తులు ధరిస్తారు. అవి వెచ్చదనంతో పాటు తేలే గుణాన్నీ ఇస్తాయి. నీటి ఉష్ణోగ్రత 24.5 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ శ్రేణిలో వాటిని ధరించినవారిని పోటీగా లెక్కించరు. గోవా సముద్రం అంతకంటే వెచ్చన. కనుక ఇక్కడి పోటీలో ఆ ఆసరా ఉండదు.

నీళ్ళు దగ్గరలో ఉన్నాయని నాగార్జునసాగర్ కుడి కాలువలో సాధన చేయాలన్న ఆలోచన పల్నాడులో సహజంగా కలుగుతుంది. జవహర్ కాలువ అని పేరున్న ఈ కాలువ సేద్యానికి నిర్మించినది. కాంక్రీటు పూసిన వాలుగట్లు నాచుతో జారుతాయి; పట్టుకోవడానికి ఏమీ ఉండదు. షట్టర్లు ఎత్తినప్పుడు వేగం మారుతుంది, డ్రాపుల దగ్గర సుడులు ఏర్పడతాయి. ప్రవాహంతో ఈదితే సాధన కాదు, ఎదురు ఈదితే బయటపడడం కష్టం. వారానికి రెండు రోజులు కొలను ఉన్న పట్టణానికి వెళ్ళి రావడమే మేలు.

సైకిలు

ఈత నుంచి సైకిలుకు, సైకిలు నుంచి పరుగుకు మారే స్థలాన్ని ట్రాన్సిషన్ అంటారు. అక్కడ గడిపే సమయం కూడా పోటీ సమయంలో భాగమే. హెల్మెట్ పట్టీ బిగించకుండా సైకిలును ముట్టుకోరాదు. ముందువాని వెనుక గాలిచాటున తొక్కడం ఈ దూరంలో నిషిద్ధం. రెండు సైకిళ్ళ మధ్య 12 మీటర్ల ఎడం పాటించాలి, దాటదలచినవారు 25 సెకన్లలో దాటాలి. గేర్లున్న ఏ మంచి సైకిలైనా మొదటి పోటీకి సరిపోతుంది. ట్యూబు స్వయంగా మార్చుకోవడం మాత్రం తెలిసి ఉండాలి.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఈ అంగంలోనే. ఈత గండం గడిచిందన్న ఉత్సాహంతో మొదటి 30 కి.మీ. బలంగా తొక్కుతారు, దాని ఫలితం పరుగులో పదో కిలోమీటరు తరువాత తెలుస్తుంది. సైకిలు దిగగానే తొడలు బరువెక్కి అడుగులు తడబడడం అందరికీ ఉంటుంది. వారానికి ఒకసారి, సైకిలు దిగిన వెంటనే రెండు మూడు కిలోమీటర్లు పరుగెత్తి దీనికి అలవాటు పడాలి.

ఆహారం, నీరు, ఎండ

శరీరంలో పిండిపదార్థాల నిల్వ 400 నుంచి 500 గ్రాములు, అనగా 1600 నుంచి 2000 కిలోకేలరీలు మాత్రమే. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుందనే లెక్కన 65 కిలోల వ్యక్తికి చివరి అంగానికే 1370 కావాలి. మూడింటికి కలిపి మూడు వేలు దాటుతుంది. కొంత భాగం కొవ్వు నుంచి వచ్చినా, మిగిలినది దారిలో తినకపోతే కాళ్ళు కదలని స్థితి వస్తుంది. గంటకు 60 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోవడం సాధారణ సూత్రం. ఒక మధ్యరకం అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. ఇంత ఆహారాన్ని కదులుతూ జీర్ణం చేసుకోవడానికి కడుపుకు కూడా సాధన కావాలి. పోటీనాడు కొత్త పదార్థం ఏదీ రుచి చూడరాదు.

ఇక్కడ ఒక అపోహను ప్రస్తావించాలి. చాలామంది ఓఆర్‌ఎస్ పొట్లాలనే ఆహారంగా భావిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో గ్లూకోజు 13.5 గ్రాములు, అంటే దాదాపు 54 కిలోకేలరీలు, ఉప్పు 2.6 గ్రాములు. అది విరేచనాలకు మందుగా తయారైనది. ఉప్పు లోటును బాగా తీరుస్తుంది కాని శక్తి లోటును తీర్చదు. మరోవైపు, దాహం లేకున్నా వట్టి నీళ్ళు ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం, మూర్ఛ కలుగుతాయి. ఇది ప్రాణాంతకం కావచ్చును. పోటీ ముగిసేసరికి బరువు పెరగడం దీనికి హెచ్చరిక. దాహాన్ని బట్టి, ఉప్పు కలిపిన పానీయాలు తాగడం క్షేమకరం.

వేసవి ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల పల్నాడు జిల్లాలోనిదే. అటువంటి పొడి ఎండలో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది కనుక ఎంత నీరు పోయిందో తెలియదు. సాధనకు ముందు, తరువాత బరువు చూసుకోవడం ఒక్కటే మార్గం. గోవా తీరంలో పరిస్థితి వేరు. గాలిలో తేమ వల్ల చెమట ఆరక కారిపోతుంది, శరీరం చల్లబడదు. ఎండకు అలవాటు పడినవాడినన్న ధీమా అక్కడ పనిచేయదు. వేడి వాతావరణానికి శరీరం సర్దుకోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. పరుగులో ఎవరైనా తూలడం, పొంతన లేకుండా మాట్లాడడం కనిపిస్తే వడదెబ్బగా భావించి, ఆసుపత్రికి తరలించేలోపే చల్లటి నీటితో శరీరాన్ని తడపాలి, వీలైతే నీటిలో ముంచాలి. చెమట పడుతున్నది కాబట్టి వడదెబ్బ కాదనుకోవడం పొరపాటు.

తెలుగువారికి ఉన్న అవకాశాలు

పరుగు సాధనకు హైదరాబాదు మారథాన్, విశాఖపట్నంలో జరిగే నౌకాదళ మారథాన్ వంటి పోటీలలోని 21.1 కి.మీ. విభాగం ఉపయోగపడుతుంది. హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట సౌరఫలకాల కప్పుతో నిర్మించిన 23 కి.మీ. సైకిలు మార్గం 2023 అక్టోబరు 1న ప్రారంభమయింది. శావల్యాపురం వంటి చోట్ల తెల్లవారుజామున రాకపోకలు లేని పల్లె రోడ్లే గతి. పత్తి, మిర్చి సరుకు కదిలే కాలంలో లారీల విషయంలో జాగ్రత్త అవసరం. తెలుగు చిత్రం రేయ్ (2015)లో నటించిన సయామీ ఖేర్ 2024లో జర్మనీలోను, 2025లో స్వీడన్‌లోను ఈ దూరాన్ని పూర్తి చేసింది.

శావల్యాపురం మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు రైలు మార్గంలోనే గోవాలోని వాస్కోడగామాకు చేరే అమరావతి ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది. రైలులో తీసుకువెళ్ళే సైకిలుకు చక్రాలు, పెడళ్ళు విప్పి పెట్టెలో సర్దాలి. కనీసం రెండు రోజుల ముందు చేరుకొంటే తిరిగి బిగించి, ఒకసారి తొక్కి చూసుకోవడానికి, తెల్లవారుజామున సముద్రంలో కొద్దిసేపు ఈది అలల తీరును తెలుసుకోవడానికి వీలు కలుగుతుంది.