మీకు తెలుసా? ‘సంపూర్ణము’నకును ‘కంప్లీట్’నకును గల చుట్టరికము

నిండుదనమును తెలుపుటకు ఆంగ్లేయులు వాడు ‘కంప్లీట్’ అను పదము, ‘నింపుట’ అను అర్థము గల లాటిన్ ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువును, ఆంగ్లమున అనాదిగానున్న ‘ఫుల్’ అను పదమును, మన ‘పూర్ణ’ శబ్దమును ఒకే ప్రాచీన ఇండో-యూరోపియన్ మూలమునకు చెందిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. సంస్కృతము, గ్రీకు, లాటిన్ ఏకమూలోద్భవములు కావచ్చునని 1786లో కలకత్తాయందు ఏషియాటిక్ సొసైటీ సభలో సర్ విలియం జోన్స్ చేసిన ప్రసంగము ఇట్టి పరిశోధనకు గొప్ప ప్రేరణమయ్యెను.

‘పర్ఫెక్ట్’ చరిత్ర ఇంకను మనోహరము. ‘కడదాక చేయబడినది’ అను భావము గల లాటిన్ పదము ఫ్రెంచి మీదుగా ‘పార్ఫిట్’ అను రూపమున ఇంగ్లండు చేరి, 14వ శతాబ్దిలో ఛాసర్ కవి రచనలయందు అట్లే నిలిచి, పిదప లాటిన్ వర్ణక్రమము ననుసరించి ‘క’కారమును మరల చేర్చుకొని నేటి రూపమును పొందినది. పరిపూర్ణతకు తరతమభేదము కూడదని కొందరు వ్యాకర్తలందురు గాని, 1787 నాటి అమెరికా రాజ్యాంగ పీఠిక మరింత పరిపూర్ణమైన సమాఖ్యనే కోరినది. భాషకు ప్రాణము ప్రయోగమే గనుక ఆ వాడుక నిర్దుష్టమనియే మా అభిప్రాయము.

నొక్కి చెప్పుటకు వాడు పదములకును ఇట్టి చరిత్ర కలదు: ‘వెరీ’ మొదట ‘సత్యమైన’ అను అర్థము గల విశేషణము. ‘క్వైట్’ విషయమున మాత్రము పాఠకులు జాగరూకులు కావలెను: బ్రిటిషువారు ‘క్వైట్ రైట్’ అన్నచో పూర్తిగా సరియనియు, ‘క్వైట్ గుడ్’ అన్నచో తరచుగా ఒక మోస్తరు మంచిదనియే గ్రహింపవలెను.