చెవికి తెలియని తేడా.. కొట్టులో కదలని డిస్కు

ఫిరంగి మోతకు కిటికీ అద్దాలు పగలడం విన్నదే గాని, గ్రామఫోను ముల్లు గాడి తప్పి ఎగిరిపడటం 1970వ దశకం చివర అమెరికా శ్రోతలకు ఎదురైన కొత్త అనుభవం. క్లీవ్‌లాండ్ నగరంలోని టెలార్క్ అనే చిన్న రికార్డుల కంపెనీ రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ‘1812’ కృతిని ఎరిక్ కుంజెల్ సారథ్యంలో సిన్సినాటి వాద్యబృందంతో వాయింపజేసి, నిజమైన ఫిరంగుల పేలుళ్లను అందులో చేర్చింది. అప్పటికి ఇంకా కొత్తదైన డిజిటల్ పద్ధతిలో పట్టిన ఆ ధ్వనిని ఎల్‌పీ రికార్డు మీదకు ఎక్కిస్తే గాడులు అడ్డదిడ్డంగా వంకరలు తిరిగాయి. మామూలు ముళ్లు వాటిలో నిలవలేకపోయాయి. అయినా రికార్డు పేరు మోగిపోయింది. తమ ఇంటి సామగ్రి ఆ మోతను తట్టుకోగలదో లేదో చూసుకోవాలన్న సరదాతోనే దాన్ని కొన్నవారున్నారు.

2001లో అదే కంపెనీ, అదే సారథితో, అదే కృతిని ఫిరంగులతో సహా మళ్లీ రికార్డు చేసింది. ఈసారి అది ధ్వనిని ఎన్నో రెట్లు సూక్ష్మంగా పట్టే ‘సూపర్ ఆడియో సీడీ’ మీద వెలువడింది. ముల్లు బెడద లేదు. స్పీకర్లు అమర్చుకున్నవారి గదిలో ధ్వని నలుదిక్కుల నుంచీ చుట్టుముట్టింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి, 2009లో, టెలార్క్‌ను కొనుక్కున్న మాతృసంస్థ దాని సొంత రికార్డింగ్ విభాగాన్ని ఎత్తివేసింది. అందుకు కొత్త డిస్కు ఒక్కటే కారణమనలేం. అయితే ఆదుకుంటుందనుకున్న సరుకు ఆదుకోలేదన్నది మాత్రం నిజం.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని విక్రయించే కంపెనీలు దాదాపు అన్నింటికీ ఇదే అనుభవం ఎదురయింది. సాంకేతికంగా వారి సరుకు అంతకుముందెన్నడూ లేనంత మేలైనది. ధ్వని నాణ్యత గురించి గంటల తరబడి వాదించుకునే శ్రోతలు వారికున్నారు. అయినా వ్యాపారం సాగలేదు.

సీడీ చూపిన ఆశ

సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి రూపొందించిన సీడీ 1982లో మార్కెట్‌లోకి వచ్చింది. దానికి ముందు ఏడాదే ప్రఖ్యాత సంగీత సారథి హెర్బర్ట్ ఫాన్ కరయాన్ సాల్జ్‌బర్గ్‌లో పత్రికల వారి ఎదుట దాన్ని వేనోళ్ల పొగిడారు. శాస్త్రీయ సంగీత ప్రియులు తమ అలమరల్లోని ఎల్‌పీలను పక్కనబెట్టి, ఉన్న కృతులనే మళ్లీ సీడీల రూపంలో కొనుక్కున్నారు. కంపెనీలకు ఒకే పంట రెండుసార్లు చేతికి వచ్చినట్లయింది.

1999లో సోనీ, ఫిలిప్స్ సంస్థలే సూపర్ ఆడియో సీడీని తెచ్చినప్పుడు మూడో పంట మీద ఆశ పుట్టడం సహజం. మామూలు సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో నమోదు చేస్తుంది. కొత్త డిస్కు ఒక్కో బిట్ చొప్పున సెకనుకు 28 లక్షలకు పైగా కొలతలు తీస్తుంది. రెండు స్పీకర్లకు బదులు ఆరింటికి వేర్వేరుగా ధ్వనిని అందించగలదు. వేణువు ఊపిరి వినిపించీ వినిపించనట్లుండే ఘట్టం నుంచి వందమంది ఒక్కసారిగా విరుచుకుపడే ఘట్టం దాకా సాగే సింఫనీకీ, ఆ సభామందిరం గోడల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనికీ ఇంతకంటే తగిన సాధనం ఉండదని ఇంజినీర్లు భావించారు.

వారు లెక్కలోకి తీసుకోనిది మరొకటుంది. శ్రోతలు సీడీని కొన్నది కేవలం ధ్వని కోసం కాదు. దానికి గీతలు పడిన రికార్డు చిటపటలు లేవు, ముల్లు అరగదు, సింఫనీ సగంలో లేచి రికార్డు తిరగేసే పని లేదు. ఇవన్నీ సంగీతం చెవి లేనివారికి కూడా కనిపించే సుఖాలు. సూపర్ ఆడియో సీడీ చూడటానికి అచ్చం పాత సీడీయే. అదే 12 సెంటీమీటర్ల బిళ్ల. అదనపు సుఖం ఒక్కటీ లేదు సరికదా, దాన్ని పూర్తిగా వినాలంటే కొత్త ప్లేయరు, కొత్త ఆంప్లిఫైయరు, మరో నాలుగు స్పీకర్లు కావాలి. సోనీ మొదటి ప్లేయరు ధర అమెరికాలో 5,000 డాలర్లు. తర్వాత ధరలు బాగా తగ్గాయి గాని తొలి అభిప్రాయం చెరిగిపోలేదు.

దొంగ ప్రతుల భయం మరో చిక్కు తెచ్చిపెట్టింది. డిస్కులోని డిజిటల్ సమాచారం ఎవరికీ చిక్కకూడదని, ప్లేయరు నుంచి దాన్ని ఒకే తీగ ద్వారా బయటకు పంపే ఏర్పాటును మొదట్లో కంపెనీలు అనుమతించలేదు. దీనితో ప్లేయరుకూ ఆంప్లిఫైయరుకూ మధ్య ఆరు తీగలు లాగవలసి వచ్చింది. ఇది చాలదన్నట్లు 2000లో ప్రత్యర్థి కంపెనీలు ‘డీవీడీ ఆడియో’ అనే మరో డిస్కును రంగంలోకి దించాయి. రెండూ ఒకదాని ప్లేయరులో మరొకటి పనిచేయవు. ఏది నిలుస్తుందో తేలేదాకా ఆగుదామని కొనుగోలుదారులు అనుకున్నారు. ఆ ఆగడం ఆగడంగానే మిగిలిపోయింది.

అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం లెక్కలు ఈ సంగతిని కళ్లకు కడతాయి. 2003లో ఆ దేశంలో దుకాణాలకు చేరిన సూపర్ ఆడియో సీడీలు సుమారు 13 లక్షలు, డీవీడీ ఆడియో డిస్కులు 4 లక్షలు. మామూలు సీడీలు 74 కోట్ల పైమాటే. కాలం చెల్లిందని అందరూ తీర్మానించిన ఎల్‌పీ రికార్డులు సైతం 15 లక్షలు వెళ్లాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో యాపిల్ కంపెనీ ఇంటర్నెట్‌లో పాటల దుకాణం తెరిచింది. అక్కడ అమ్మినది సీడీ కంటే తక్కువ నాణ్యత గల ధ్వని. జనం ఎగబడి కొన్నారు.

సొంత పాత సరుకే పోటీ

పాత ప్లేయర్లున్నవారిని వదులుకోకుండా కంపెనీలు ఒక ఉపాయం పన్నాయి. ఒకే డిస్కులో ఒక పొరలో మామూలు సీడీ ధ్వనిని, మరో పొరలో మేలైన ధ్వనిని పెట్టాయి. ఉపాయం మంచిదే గాని దాని ఫలితం వేరుగా వచ్చింది. డిస్కు కొన్నవారు దాన్ని పాత ప్లేయరులోనే వేసుకుని తృప్తిపడ్డారు. తయారీకి ఎక్కువ ఖర్చయ్యే పొరను కంపెనీ భరిస్తే, దాన్ని విననివారే ఎక్కువయ్యారు.

విన్నవారికైనా తేడా తెలుస్తుందా అన్న ప్రశ్న 2007లో గట్టిగా వినిపించింది. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు పరిశోధకులు, ఏది వినిపిస్తున్నారో చెప్పకుండా శ్రోతలకు సూపర్ ఆడియో ధ్వనినీ, దాన్నే సీడీ స్థాయికి కుదించిన ధ్వనినీ వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన సమాధానాలు 276. నాణెం ఎగరవేసినా దాదాపు అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి, శ్రోతలు 52.3 శాతం సార్లు తేడా పట్టగలిగారని, శిక్షణ పొందినవారిలో అది మరింత ఎక్కువని తేల్చారు. అంటే తేడా ఉంది. అయితే మామూలు శ్రోత దాని కోసం ఇంటి సామగ్రిని మార్చుకునేంత తేడా కాదు. విశేషమేమంటే, సూపర్ ఆడియో డిస్కులు నిజంగానే బాగా వినిపిస్తాయని మేయర్, మోరన్ కూడా ఒప్పుకున్నారు. అందుకు కారణం డిస్కు కాదని, వాటి తయారీలో ఇంజినీర్లు చూపిన శ్రద్ధేనని వారి వాదన. ఆ శ్రద్ధ సీడీ పొరలోనూ వినిపిస్తుంది మరి!

శాస్త్రీయ సంగీతానికే ప్రత్యేకమైన మరో ఇబ్బంది ఉంది. సినిమా పాటకూ పాప్ గీతానికీ ఏటా కొత్త సరుకు వస్తుంది. బీతోవెన్ రాసిన సింఫనీలు మాత్రం తొమ్మిదే. వాటి రికార్డింగులు లెక్కకు మిక్కిలి. 1974లో కార్లోస్ క్లైబర్ వియన్నా వాద్యబృందంతో రికార్డు చేసిన అయిదో సింఫనీని ఇప్పటికీ మించినది లేదనే శ్రోతకు, కొత్త సారథి కొత్త డిస్కు ఎంత స్పష్టంగా వినిపించినా రెండో స్థానమే. ఆర్‌సీఏ కంపెనీ 1950వ దశకంలో పట్టిన టేపులను 2004 నుంచి సూపర్ ఆడియో డిస్కులుగా తక్కువ ధరకు విడుదల చేసినప్పుడు, వాటిని శ్రోతలు ఆదరించారు. కొత్త రికార్డింగులకు అది మరో దెబ్బ. 1987లో హాంకాంగ్‌లో పుట్టిన నాక్సోస్ చవక సీడీలు ధరల మీద ఆశను అప్పటికే తగ్గించాయి. వాద్యబృందం, మందిరం, ఇంజినీర్లు, సవరణలు అన్నీ కలిపి అయ్యే ఖర్చు మాత్రం అమ్మకాలు తగ్గాయని తగ్గదు. కొన్ని వేల ప్రతులు పోతే గొప్ప అనుకునే వ్యాపారమిది.

పెద్ద కంపెనీలే ముందుగా చేతులెత్తేశాయి. యూనివర్సల్ సంస్థ కొన్నేళ్లకే ఈ విడుదలలను ఆపివేసింది. 2006లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్-3 తొలి నమూనాలు సూపర్ ఆడియో డిస్కులను వినిపించేవి. తర్వాతి నమూనాల్లో ఆ సౌకర్యాన్ని కన్నతల్లే తీసివేసింది. బరువు చిన్న కంపెనీల మీద పడింది. ఫిలిప్స్ మాజీ ఉద్యోగులు 2001లో స్థాపించిన పెంటాటోన్, స్వీడన్‌కు చెందిన బిస్, ఇంగ్లండ్‌లోని చాండోస్ వంటివి పట్టు వదలలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీ వంటి వాద్యబృందాలు తామే కంపెనీలు పెట్టుకున్నాయి. న్యూయార్క్ మీద దాడి జరిగిన మర్నాడు, 2001 సెప్టెంబరు 12న, ఆ బృందం మొదలుపెట్టిన మాలర్ ఆరో సింఫనీ రికార్డింగు సూపర్ ఆడియో డిస్కుగా వచ్చి గ్రామీ అవార్డు గెలుచుకుంది.

మన దేశంలో ఈ పోటీ జాడే లేదు. క్యాసెట్టు నుంచి సీడీకి, అక్కడి నుంచి సెల్‌ఫోనుకు మారిన మార్కెట్టు మధ్యలో ఈ డిస్కు వచ్చి వెళ్లిందన్నదే చాలామందికి తెలియదు. 1948 నుంచి నడిచిన ముంబయిలోని రిథమ్ హౌస్ 2016లో తలుపులు మూసింది. ఆ మరుసటి ఏడాదే సారెగమ కంపెనీ 5,000 పాత పాటలు నింపిన రేడియో వంటి పెట్టెను ‘కారవాన్’ పేరుతో విడుదల చేసి లాభాలు చూసింది. అందులో అది అమ్మినది సౌలభ్యం.

2021లో యాపిల్ తన చందాదారులకు సీడీని మించిన నాణ్యతను అదనపు రుసుం లేకుండా ఇవ్వడం మొదలుపెట్టడంతో డిస్కుకు మిగిలిన ఆఖరి ఆకర్షణ కూడా పోయింది. శ్రోతకు ఇది లాభమే. కంపెనీకి అంత లాభం కాదు. ఆన్‌లైన్ చెల్లింపుల్లో మూడు నిమిషాల పాటను ఒకసారి వింటే ఒక లెక్క. మాలర్ మూడో సింఫనీలో అరగంట దాటే మొదటి భాగాన్ని సాంతం విన్నా సాధారణంగా అదే ఒక లెక్క. ఈ కారణంగానే లండన్‌కు చెందిన హైపీరియన్ ఏళ్ల తరబడి ఆన్‌లైన్ ప్రసారానికి ఒప్పుకోలేదు. 2023లో ఆ కంపెనీని యూనివర్సల్ కొనుక్కున్నది. కొద్ది నెలలకే దాని రికార్డింగులు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో, బాక్ కాంటాటాలను 55 సంపుటాలుగా రికార్డు చేయించడానికి దాదాపు రెండు దశాబ్దాలు వెచ్చించిన బిస్ కంపెనీ యాపిల్ చేతికి వెళ్లింది.